పందుల వ్యాపారి సేనాధిపతి ఎలా అయ్యాడు? సెర్బియా తిరుగుబాటు మీద ఒక సందేహం

సందేహాలరావు:
అందరికీ నమస్కారం. మా ఆఫీసులో సెర్బియా అబ్బాయి ఒకడున్నాడు. మొన్న లంచ్ దగ్గర "మా దేశాన్ని మొదలుపెట్టింది ఒక పందుల వ్యాపారి" అన్నాడు. జోక్ అనుకున్నా. ఇంటికొచ్చి చదివితే నిజమే. కరాజోర్జే అని, షుమాదియా ప్రాంతం మనిషి. చదవడం, రాయడం రాదు. పందుల మందల్ని తోలుకెళ్లి నదికి అవతల ఆస్ట్రియాలో అమ్మేవాడు. 1804లో ఒట్టోమాన్ సామ్రాజ్యం మీద తిరగబడ్డ సెర్బులకి నాయకుడు ఆయనే.

నాకు అర్థం కానిది ఒక్కటే. సుల్తాను దగ్గర ఫిరంగులు, గుర్రపు దళాలు ఉన్నాయి. వీళ్లేమో రైతులు. అయినా 1806 ఆగస్టులో మీషార్ దగ్గర పెద్ద సైన్యాన్ని ఓడించారు, అదే డిసెంబర్‌లో బెల్‌గ్రేడ్ ఊళ్లోకి దూరారు. కర్రలు, కొడవళ్లతో అయ్యే పనా ఇది? మధ్యలో ఏదో పేజీ చిరిగిపోయినట్టుంది. తెలిసినవాళ్లు చెప్పండి.

ఉత్తరాంధ్ర_చిన్నోడు:
కడుపు మండితే చాలు బ్రో. ఫిరంగులెందుకు.

గోదారిగట్టు:
చిన్నోడా, కడుపు మంటతో గడ్డివాము తగలబెట్టొచ్చు గానీ కోట పట్టలేం.

రావు గారూ, మీకు కనపడని పేజీ 1788లో ఉంది. ఆ ఏడాది ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్, రష్యా పక్షాన, టర్కీ (అదే ఒట్టోమాన్ సామ్రాజ్యం) మీద యుద్ధానికి దిగాడు. సావా, డాన్యూబ్ నదులకి అవతల ఆస్ట్రియా, ఇవతల టర్కీ. యుద్ధం వాసన తగలగానే ఇవతలి సెర్బులు పిల్లాజెల్లాతో నది దాటిపోయారు. ఆస్ట్రియా అధికారులకి అంతకంటే ఏం కావాలి? అడవి దారులన్నీ తెలిసినవాళ్లు, టర్కీ వాళ్ల మీద పగతో ఉన్నవాళ్లు, తమంతట తాము వచ్చి నిలబడ్డారు. వాళ్లతో కట్టినవే ఫ్రైకోర్ దళాలు. వలంటీర్ దళాలన్నమాట. మేజర్ మిహాయిలో మిహాల్యెవిచ్ వాటికి నాయకుడు.

ఈ వలంటీర్లలో అందరికంటే ముందు పేరు మోగింది కొచా ఆంజెల్కొవిచ్‌ది. బెల్‌గ్రేడ్ నుంచి ఇస్తాంబుల్ వెళ్లే రాజమార్గం మీద పడి, టర్కీ సైన్యానికి సామాను, ఉత్తరాలు అందకుండా చేశాడు. ఆ అలజడికి జనం పెట్టుకున్న పేరే 'కొచినా క్రాయినా', అంటే కొచా సరిహద్దు సీమ. అదే ఏడాది దొరికిపోయాడు. డాన్యూబ్ ఒడ్డున తెకియాలో కొరత వేశారు. ఆయన సొంతూరు పాన్యెవాత్స్ ఇప్పుడు 'కొచా ఊరు' అనే పేరుతోనే ఉంది.

1789 అక్టోబర్‌లో ఆస్ట్రియా మార్షల్ లౌడన్ బెల్‌గ్రేడ్ పట్టాడు. సెర్బులు ఇక మన కష్టాలు తీరాయి అనుకున్నారు. 1791 ఆగస్టులో ఆస్ట్రియా స్విష్టోవ్ దగ్గర సంధి చేసుకుని, బెల్‌గ్రేడ్‌ని మళ్లీ సుల్తాను చేతిలో పెట్టి, తన దారిన తాను వెళ్లిపోయింది. వలంటీర్లకి దక్కింది క్షమాభిక్ష. ఇళ్లకి పొండి, ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు అన్నారు.

భూమి అయితే వెనక్కి ఇచ్చేశారు గానీ విద్య వెనక్కి పోదు కదా. వరసలో నిలబడి కాల్చడం, మట్టికట్ట పోసుకుని దాని వెనక కూర్చోవడం, పై అధికారి మాట వినడం, ఇవన్నీ నేర్చుకున్న మనుషులు ఊళ్లకి తిరిగొచ్చి మళ్లీ పందులు కాసుకున్నారు. వాళ్లలో ఒకడు మీ కరాజోర్జే. వాల్యెవో ప్రాంతపు పెద్ద అలెక్సా నెనాదోవిచ్ ఆ దళాల్లో అధికారిగా చేసినవాడే.

సందేహాలరావు:
మాష్టారూ, పేజీ దొరికింది! అంటే సైన్యాన్ని ఆస్ట్రియా తయారుచేసి వదిలేసింది.

పాతపటాలు:
సగమే దొరికింది రావు గారూ. మిగతా సగం ఇంకా విచిత్రం. వాళ్లకి రెండో బడి పెట్టింది టర్కీ పాషాయే, అంటే సుల్తాను పంపిన పాలకుడే.

సంధి తర్వాత బెల్‌గ్రేడ్‌కి హాజీ ముస్తఫా పాషా వచ్చాడు. సుల్తాను మూడో సెలీం సంస్కరణలు చేస్తున్న కాలం. ఆ ప్రాంతానికి అసలు పీడ జానిసరీలు. పేరుకి సుల్తాను సైనికులు, పనికి రౌడీలు. ఊళ్ల మీద పడి దౌర్జన్యంగా భూములకి యజమానులై కూర్చునేవాళ్లు. సుల్తాను వాళ్లని బెల్‌గ్రేడ్ ప్రాంతం నుంచి వెళ్లగొట్టాడు. 1793 నుంచి 1796 దాకా వచ్చిన ఫర్మానాల్లో పన్నుల వసూలు సెర్బు ఊరిపెద్దల చేతికే ఇచ్చాడు. ఈ పెద్దల్నే 'క్నెజ్' అంటారు. వెళ్లగొట్టిన జానిసరీలు ఊరుకోలేదు. విదిన్‌లో సుల్తాను మీద తిరగబడి కూర్చున్న పాస్వాన్‌ఓగ్లు పంచన చేరారు. వాళ్లు బెల్‌గ్రేడ్ మీదికి వస్తుంటే ఆపడానికి పాషా దగ్గర చాలినంత సైన్యం లేదు. దాంతో సెర్బులకే తుపాకులిచ్చాడు. సుమారు 15,000 మందితో సెర్బుల సొంత దళం తయారైంది. పాత ఫ్రైకోర్ వాళ్లు ఇందులో మళ్లీ పనికొచ్చారు. జనం ఆ పాషాని 'సెర్బుల తల్లి' అని పిలుచుకున్నారు.

ఆ తర్వాత 1798లో నెపోలియన్ ఈజిప్టు మీద పడ్డాడు. సుల్తానుకి అక్కడ సైన్యం కావాలి, ఇక్కడ గొడవ వద్దు. పాస్వాన్‌ఓగ్లుతో రాజీపడి జానిసరీలని బెల్‌గ్రేడ్‌కి తిరిగి రానిచ్చాడు. 1801 డిసెంబర్‌లో వాళ్లు ఆ 'తల్లి'నే చంపేశారు.

రేగుపండు:
ఒక్క నిమిషం. సుల్తాను పాషా, సుల్తాను సైన్యం నుంచి కాపాడుకోవడానికి, సుల్తానుకి పన్ను కట్టే క్రైస్తవ రైతులకి తుపాకులిచ్చాడా? నాకు తల తిరుగుతోంది.

పాతపటాలు:
సరిగ్గా అదేనండీ. తల తిరగాల్సిందే.

పదాలపిచ్చి:
చరిత్ర మీరు చెప్పుకోండి, నాకు ఒక్క మాట చెప్పి వెళ్లాలని ఉంది. ఒట్టోమాన్ కాలంలో పన్ను కట్టే ఈ జనాన్ని ఏమనేవాళ్లో తెలుసా? 'రాయా'. సెర్బియన్‌లో ఇప్పటికీ ఉంది ఆ మాట. అరబ్బీలో 'రఇయ్యత్', పాలనలో ఉన్న ప్రజ అని. మన దగ్గరకి పారసీకం మీదుగా వచ్చి ఏమైందంటే... రైతు! వాళ్ల రాయా, మన రైతు ఒక్క వేరు నుంచి మొలిచినవే.

అక్కడ జాగీరు లాంటి భూమి తిని యుద్ధానికి గుర్రమెక్కి వెళ్లేవాడు 'స్పాహియా'. మన సిపాయే. మన తుపాకి టర్కీ మాట, అక్కడ కూడా ఆ మాటుంది. ఫిరంగిని వాళ్లు 'తొప్' అంటారు, మన పాత తెలుగులో తోపు. బెల్‌గ్రేడ్‌లో తొప్చిదేర్ అని పెద్ద పార్కుంది, ఫిరంగివాళ్ల లోయ అని అర్థం. పెట్టె 'సందూక్', మన సందుగ. జేబు 'జెప్'. ఇక ఆపుతా, లేకపోతే మోడరేటర్ వస్తాడు.

మోడరేటర్:
వచ్చాను. ఇది బాగుంది, ఉంచుతున్నా. కానీ పదాలకి వేరే చర్చ తెరవండి.

రేగుపండు:
సరే, పాషాని చంపారు. తర్వాత? తిరుగుబాటు సుల్తాను మీదా, ఈ రౌడీల మీదా? ఎక్కడ చూసినా 'సామ్రాజ్యం మీద స్వాతంత్ర్య పోరాటం' అని రాసేస్తారు. మీరు చెప్పేదాన్ని బట్టి అంత తిన్నగా లేదు.

గోదారిగట్టు:
మంచి ప్రశ్న అడిగావమ్మా. మొదట్లో రౌడీల మీదే.

పాషా పోయాక నలుగురు జానిసరీ నాయకులు ఆ ప్రాంతాన్ని పంచుకున్నారు. అగన్లియా, కుచుక్ అలీ, ముల్లా యూసుఫ్, ఫోచిచ్ మెహ్మద్ ఆగా. వీళ్లని 'దాహీలు' అంటారు. రైతు అంతకుముందు సుల్తానుకి తలపన్ను, స్పాహియాకి పంటలో పదో వంతు ఇచ్చేవాడు. ఇప్పుడు దాహీల మనుషులు దానిపైన తొమ్మిదో వంతు అన్నారు. ఊరూరా ఒక సత్రం కట్టి అందులో తమ మనిషిని కూర్చోబెట్టారు. వాడి తిండి, వాడి గుర్రం తిండి, వాడి దౌర్జన్యం అన్నీ ఊరివాళ్ల నెత్తినే.

అలెక్సా నెనాదోవిచ్ నది అవతల జెమూన్‌లో ఉన్న ఆస్ట్రియా అధికారికి రాసిన ఉత్తరం ఒకటి దాహీల చేతికి చిక్కింది. పాత వలంటీర్ పరిచయాలు ఇంకా బతికే ఉన్నాయని వాళ్లకి అర్థమైపోయింది. ఇక ఆలోచించలేదు. 1804 జనవరి ఆఖరు, ఫిబ్రవరి మొదటి రోజుల్లో ఊరిపెద్దల్ని వెతికి వెతికి తలలు తీశారు. డెబ్బై మందికి పైగా పోయారు. అలెక్సాని, ఇలియా బిర్చానిన్‌ని వాల్యెవోలో చంపారు. నాయకులు లేకపోతే మంద చెదిరిపోతుందనుకున్నారు. కరాజోర్జే కోసం కూడా మనుషులొచ్చారు, తప్పించుకున్నాడు.

సుమారు పది రోజుల తర్వాత ఒరాషాత్స్ అనే ఊళ్లో, ఒక వాగు గట్టున సమావేశం జరిగింది. నాయకుడిగా ఉండమని ముందు స్తనోయె గ్లావాష్‌ని అడిగారు. ఆయన హైదుక్, అంటే అడవిలో ఉండే బందిపోటు. "నేను దొంగని, నా వెనక జనం రారు" అన్నట్టుగా తప్పుకున్నాడు. తర్వాత ఊరిపెద్ద తెయొదోసియె మరిచెవిచ్‌ని అడిగారు. పెద్దరికం ఉన్నవాడు రేపు టర్కీ వాళ్ల ముందు అందరి తరఫునా మాట్లాడాల్సి వస్తుంది, కత్తి పట్టకూడదు అన్నాడు. చివరికి కరాజోర్జే. తన కోపం మంచిది కాదనీ, తప్పు చేసినవాణ్ణి అక్కడికక్కడే చంపేస్తాననీ ముందే చెప్పాడట. అలాంటివాడే కావాలన్నారు. మొదట చేసిన పని ఆ ఊరి సత్రం తగలబెట్టడం.

గమనించావా అమ్మా? దొంగ కాదన్నాడు, పెద్దమనిషి కాదన్నాడు, మధ్యలో ఉన్న మాజీ వలంటీర్ దగ్గర ఆగింది.

ఉత్తరాంధ్ర_చిన్నోడు:
ఆ కోపం మాట ఉత్తిదే అనుకున్నా. చదివితే 1806లో సొంత తమ్ముణ్ణే ఉరి తీయించాడట! ఒక అమ్మాయి మీద అఘాయిత్యం చేశాడని.

గోదారిగట్టు:
అవును, మరిన్‌కో. కడుపు మంట చాలన్నావు కదా నువ్వు. ఇదిగో ఇదీ దాని రూపమే.

పాతపటాలు:
రేగుపండు గారి ప్రశ్నకి నాది కొసరు. 1804 ఎండాకాలంలో సుల్తాను బోస్నియా నుంచి బెకిర్ పాషాని పంపాడు, గొడవ తీర్చమని. దాహీలు డాన్యూబ్‌లో ఆదా కాలే అనే లంకకి పారిపోయారు. అక్కడికి వెళ్లి వాళ్ల పని పట్టింది సెర్బు నాయకుడు మిలెన్‌కో స్తొయ్‌కొవిచ్ మనుషులు. అప్పటికి సుల్తానుకీ, సెర్బులకీ శత్రువు ఒక్కడే.

చెడింది ఎక్కడంటే, సెర్బులు హామీ అడిగారు. రేపు మళ్లీ జానిసరీలు రారని పూచీ ఎవరు? ఆస్ట్రియా పూచీ ఉండాలన్నారు. తన ప్రజకి, తనకి మధ్య పరాయి రాజు పూచీయా అని సుల్తాను ఒప్పుకోలేదు. 1805లో నిష్ నుంచి హాఫిజ్ పాషాని సైన్యంతో పంపాడు. ఇవాన్‌కొవాత్స్ దగ్గర ఆ ఆగస్టులో సెర్బులు ఆపేశారు. సుల్తాను పంపిన సైన్యంతో నేరుగా తలపడటం అదే మొదలు. ఆ తర్వాత 'మేము విధేయులమే' అనే మాటకి అర్థం పోయింది.

దాన్యూబ్_దారి:
నమస్తే అండీ. నేను సెర్బియాలో, నొవీ సాద్‌లో ఉద్యోగం చేస్తున్నా, మూడేళ్లయింది. ఈ చర్చ చూసి ఊరుకోలేకపోయా. రావు గారు మొదట అడిగిన మీషార్ గురించి ఒక్క మాట. అక్కడ సెర్బులు పోసిన మట్టికట్టని వాళ్ల భాషలో 'షానాత్స్' అంటారు. అది జర్మన్ మాట నుంచి వచ్చింది. మాష్టారు చెప్పిన ఆస్ట్రియా చదువు ఆ మాటలోనే ఉంది చూడండి. కాల్బలం షానాత్స్ లోపల కూర్చుంది, గుర్రాల దళం పక్కనున్న కీతోగ్ అడవిలో దాక్కుంది. టర్కీ సైన్యం కట్ట దగ్గరకొచ్చేదాకా కాల్చలేదు. వచ్చాక ఒక్కసారిగా కాల్చారు. అప్పుడు అడవిలోంచి గుర్రాలు వెనక నుంచి వచ్చిపడ్డాయి. బోస్నియా నాయకుడు కులిన్ కపెతాన్ అక్కడే పోయాడు.

ఫిరంగుల సంగతి కూడా. చెర్రీ చెట్టు మానుని తొలిచి, చుట్టూ ఇనప పట్టీలు బిగించి ఫిరంగి చేసుకున్నారు. ఇక్కడ పిల్లలందరికీ తెలిసిన విషయం అది. కాకపోతే ఎక్కువసార్లు కాలిస్తే చీలిపోతుంది. మందు, సీసం మాత్రం అవతలి ఒడ్డు నుంచే దొంగచాటుగా రావాలి.

సందేహాలరావు:
అంటే పందులు అటు, మందు ఇటు. పందుల వ్యాపారి నాయకుడు కావడం ఇప్పుడు వింతగా లేదు నాకు. సరిహద్దు దాటే దారులు, అవతల అప్పిచ్చే మనుషులు, చేతిలో రొక్కం అన్నీ ఉన్నది వాళ్లకే.

పాతపటాలు:
సరిగ్గా చెప్పారు. షుమాదియా అంటేనే అడవి నేల. ఓక్ కాయలు తిని పందులు బలుస్తాయి, ఆస్ట్రియా మార్కెట్ కొంటుంది.

రేగుపండు:
అందరూ మురిసిపోతున్నారు కాబట్టి చేదు మాట నేనే చెప్తా. 1806 డిసెంబర్‌లో బెల్‌గ్రేడ్ ఊరు చిక్కింది, ఆ వెంటనే లోపలి కోట. తర్వాత ఏం జరిగింది? ఊళ్లోని ముస్లింలని చంపారు, మిగిలినవాళ్లలో చాలామందికి బలవంతంగా బాప్తిస్మం ఇచ్చారు. 1807 మార్చిలో, ప్రాణాలకి హామీ ఇచ్చి బయటికి పంపిన సులేమాన్ పాషాని, వెంట ఉన్న సైనికుల్ని దారి కాచి చంపేశారు. మాట ఇచ్చి మరీ. దాహీలు చేస్తే దౌర్జన్యం, వీళ్లు చేస్తే విమోచనా?

ఉత్తరాంధ్ర_చిన్నోడు:
నాలుగు వందల ఏళ్ల కోపం అక్కా అది.

రేగుపండు:
ఆ ఊళ్లో దుకాణం పెట్టుకుని బతికినవాడికి, వాడి పిల్లలకి నాలుగు వందల ఏళ్ల లెక్క ఎలా చెప్తావు తమ్ముడూ?

గోదారిగట్టు:
రేగుపండు చెప్పింది నిజం. నేను బడిలో పాఠం చెప్పిన రోజుల్లో ఈ ముక్క దాటేసేవాణ్ణి, టైం లేదనే సాకుతో. దాటేయకూడదు. ఆ వలంటీర్లలో అన్ని రకాలవాళ్లూ ఉన్నారు. పొలం కోసం వచ్చినవాడు, పగ కోసం వచ్చినవాడు, దోపిడీ సొమ్ము కోసం వచ్చినవాడు. బెల్‌గ్రేడ్ గేటు తెరిచిన కోండా సంగతే చూడండి. అంతకుముందు అదే కోటలో టర్కీ వాళ్ల దగ్గర కూలికి కత్తి పట్టినవాడు. లోపల దారులు తెలుసు కాబట్టే ఉజున్ మిర్కోతో, ఇంకొంతమందితో తెల్లవారకముందే సావా గేటు కాపలా మీద పడి తలుపు తీయగలిగాడు.

సందేహాలరావు:
ఇంత గెలిచాక 1813లో అంతా పోయిందని చదివా. ఎలా పోయింది?

పాతపటాలు:
నన్నడిగితే సగం 1806లోనే పోయింది. ఆ ఏడాది పేతార్ ఇచ్కో అనే వ్యాపారిని ఇస్తాంబుల్ పంపారు. మనిషి గట్టివాడు. సెర్బులు తమని తాము పాలించుకోవచ్చు, సుల్తానుకి ఏటా ఒక మొత్తం కడితే చాలు అనే షరతులకి సుల్తానుని ఒప్పించుకొచ్చాడు. చేతిలో పెట్టిన ముద్ద! కానీ అప్పుడే రష్యా టర్కీతో యుద్ధానికి దిగింది. రష్యా ఉండగా సుల్తానుతో బేరమేంటి అనుకుని సెర్బులు దాన్ని కాదన్నారు. 1812 మేలో నెపోలియన్ మీదికి వస్తున్నాడని రష్యా బుకారెస్ట్‌లో హడావుడిగా సంధి చేసుకుని వెళ్లిపోయింది. ఆ సంధిలో సెర్బుల కోసం ఒక నిబంధన పెట్టి చేతులు దులుపుకుంది. 1791లో ఆస్ట్రియా, 1812లో రష్యా. పేర్లే మారాయి.

దాన్యూబ్_దారి:
పాతపటాలు గారూ, అది ఇప్పుడు కూర్చుని చెప్పడం తేలిక. రష్యా అంటే వాళ్లకి ఏంటో చూడండి. 1804లో అలెక్సా నెనాదోవిచ్ కొడుకు ప్రోతా మతెయా, ఇంకో ఇద్దరు కలిసి సాయం అడగడానికి రష్యాకి బయలుదేరారు. డాన్యూబ్ మీద పడవలో. అప్పటికి తండ్రి తల పోయి ఏడాది కూడా కాలేదు. తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు: కొలంబస్ అమెరికాని వెతుక్కుంటూ సముద్రంలోకి వెళ్లినట్టు, మేము రష్యాని వెతుక్కుంటూ వెళ్లాం, అది ఎక్కడుందో తెలీదు, ఉందని పాటల్లో విన్నాం, అంతే అని. అలాంటివాళ్లకి రష్యా సైన్యం నిజంగా వస్తే ఇచ్కో తెచ్చిన కాగితం ఆనుతుందా?

పాతపటాలు:
ఆనదు, ఒప్పుకుంటా. అయినా ఆ కాగితమే తెలివైంది అంటాను. ఇంచుమించు అవే షరతులు 1830లో దక్కాయి. మధ్యలో పోయిన ప్రాణాలకి లెక్క లేదు.

గోదారిగట్టు:
మీ ఇద్దరి వాదనకీ బయట ఇంకో కారణం ఉంది. అది వలంటీర్ సైన్యాల పుట్టు జబ్బు. ఎవడి నాయకుడు వాడికి దేవుడు. పక్క నాయకుడంటే పడదు. సొంత ప్రాంతం దాటి పోరాడమంటే మనసు రాదు, కోతలొస్తే మనిషి ఇంటికి పోతాడు. 1809లో నిష్ కోట మీదికి వెళ్లినప్పుడు ఆ జబ్బు బయటపడింది. సర్వాధికారం పేతార్ దొబ్రన్యాత్స్‌కి కాకుండా మిలోయె పేత్రొవిచ్‌కి ఇచ్చారు. ఇద్దరికీ పడదు. వేరు వేరు కొండల మీద వేరు వేరు షానాత్స్‌లు పోసుకుని కూర్చున్నారు. ముందున్న చెగార్ కొండ మీద స్తెవాన్ సింజెలిచ్, తన రెసావా ప్రాంతం మనుషులతో ఉన్నాడు. మే 31న టర్కీ సైన్యం ఆ కట్ట మీద పడింది. కందకం శవాలతో నిండి, వాటి మీదుగా లోపలికి వచ్చేస్తున్నారు. మిగతా కట్టలవాళ్లు చూస్తూ ఉన్నారు గానీ సాయానికి రాలేదు. సింజెలిచ్ తన పిస్తోలు మందుగుండు నిలవలోకి కాల్చాడు. తనూ, చుట్టూ ఉన్న తనవాళ్లూ, లోపలికి దూరినవాళ్లూ అందరూ పోయారు.

తర్వాతి కథ దాన్యూబ్_దారి చెప్తే బాగుంటుంది. చూసే ఉంటావు కదమ్మా?

దాన్యూబ్_దారి:
చూశాను మాష్టారూ, పోయినేడాది. 'చెలె కులా', పుర్రెల గోపురం. టర్కీ సేనాధిపతి హుర్షీద్ పాషా చనిపోయిన సెర్బుల తలలు తెప్పించి, చర్మం ఒలిపించి, అందులో గడ్డి కుక్కి ఇస్తాంబుల్ పంపాడు. మిగిలిన పుర్రెలతో ఇస్తాంబుల్ రోడ్డు పక్కన గోపురం కట్టించాడు. వచ్చేపోయేవాళ్లు చూడాలని. నాలుగు వైపులా, పద్నాలుగు వరసలు, మొత్తం 952 పుర్రెలు.

బయటి నుంచి మామూలు చిన్న గుడిలా ఉంటుంది, ఎందుకంటే 1892లో దాని చుట్టూ ఒక ప్రార్థనా మందిరం కట్టారు. లోపలికి వెళ్తే గది నిండా ఆ గోపురమే. నేను పుర్రెలు చూసి భయపడతానేమో అనుకుని వెళ్లా. కానీ ఇప్పుడు మిగిలినవి 58. మిగతాచోట్ల అంతా గుంటలు. సున్నంలో పుర్రె ఆకారానికి పడ్డ ఖాళీ గుంటలు, వరసగా. అవే ఎక్కువ పట్టుకున్నాయి నన్ను. చాలా గుంటలు ఇంటివాళ్లు రాత్రిపూట వచ్చి తవ్వుకుపోయినవి. తమవాడిది ఏదో ఎలా గుర్తుపట్టారో, అసలు గుర్తుపట్టారో లేదో. సింజెలిచ్‌ది అనుకునే పుర్రెని విడిగా అద్దాల పెట్టెలో పెట్టారు. నాతోపాటు ఒక స్కూల్ పిల్లల గుంపు వచ్చింది. బయట అరుచుకుంటున్నవాళ్లు లోపల ఒక్క మాట మాట్లాడలేదు.

1833లో ఫ్రెంచి కవి లామార్తీన్ ఇటు వెళ్తూ చూశాడు. అప్పటికి కొన్ని పుర్రెలకి ఇంకా వెంట్రుకలు ఉండి, గాలికి నాచులా కదులుతున్నాయని రాశాడు.

సందేహాలరావు:
భోజనం చేస్తూ చదివా. పొరపాటు చేశా.

ఉత్తరాంధ్ర_చిన్నోడు:
మిగతా కట్టలవాళ్లు చూస్తూ ఊరుకున్నారంటే నాకు రక్తం మరిగిపోతోంది.

మాష్టారూ, మా రంప ఫితూరీతో దీనికి పోలిక లేదా? మన్యం కూడా ఇలాగే కదా.

గోదారిగట్టు:
ఒక్కచోట ఉంది. 1879 రంప ఫితూరీలో ముఠాదార్లు ఉన్నారు చూడు, పైన ఉన్న మన్సబ్‌దారుకీ కింద ఉన్న కొండ ఊళ్లకీ మధ్య మనుషులు, పన్ను కట్టించేవాళ్లు. క్నెజ్ కూడా అలాంటి మధ్య మనిషే. చిగురుపన్ను లాంటి కొత్త భారం పడి, పైవాడు మరీ మితిమీరితే ఆ మధ్య మనిషి కిందివాళ్ల వైపు తిరుగుతాడు. అంతవరకే. మన మన్యానికి నది అవతల తుపాకులిచ్చే ఇంకో సామ్రాజ్యం లేదు.

మోడరేటర్:
రంప మీద ఇదివరకే పెద్ద చర్చ ఉంది, అక్కడ కొనసాగించండి. ఇక్కడ సెర్బియా.

సందేహాలరావు:
1813 తర్వాత ఒక్క ముక్కలో చెప్పేయండి ఎవరైనా.

పాతపటాలు:
ఒక్క ముక్కలో కాదు గానీ చిన్నగా. 1813లో టర్కీ సైన్యాలు అన్ని వైపుల నుంచీ వచ్చాయి. నెగోతిన్‌లో హైదుక్ వేల్కో "తల ఇస్తాను, క్రాయినా (ఆ సరిహద్దు సీమ) ఇవ్వను" అని కూర్చుని ఫిరంగి గుండుకి పోయాడు. కరాజోర్జే నది దాటి ఆస్ట్రియాకి వెళ్లిపోయాడు. 1814లో హాజీ ప్రొదాన్ ఒకసారి లేచాడు, నిలవలేదు. 1815 ఏప్రిల్‌లో తకోవోలో మిలోష్ ఒబ్రెనోవిచ్ లేచాడు. ఈయన కొద్ది నెలలు కొట్టాడు, తర్వాత మరాష్లీ అలీ పాషాతో కూర్చుని బేరమాడాడు. లంచాలు, ఓపిక, నోటి ఒప్పందాలు. 1817లో కరాజోర్జే రహస్యంగా తిరిగొస్తే, రదోవాన్యె అడవిలో నిద్రలో ఉండగా మిలోష్ మనుషులే చంపారు. తల సుల్తానుకి కానుకగా వెళ్లింది. 1830లో స్వపరిపాలన ఫర్మానా వచ్చింది, 1867లో చివరి టర్కీ సైనికుడు కోటలు వదిలాడు, 1878లో పూర్తి స్వాతంత్ర్యం.

ఉత్తరాంధ్ర_చిన్నోడు:
మిలోష్ ద్రోహి. అంతే.

దాన్యూబ్_దారి:
ఇక్కడ ఆ మాట రాకియా (పళ్ల సారా) పోసుకున్న టేబుల్ దగ్గర అను, తెల్లారేదాకా గొడవ. ఆ రెండు వంశాల పగ 1903లో ఒబ్రెనోవిచ్ రాజుని, రాణిని రాజభవనంలోనే చంపేదాకా నడిచింది. నా మటుకు నాకు ఇద్దరూ కావాల్సినవాళ్లే అనిపిస్తుంది. ఒకడు సుల్తానుకి భయం నేర్పాడు, ఇంకొకడు ఆ భయాన్ని రేటు కట్టి అమ్ముకున్నాడు.

రేగుపండు:
వలంటీర్లు అనే మాట తర్వాత కూడా వినపడుతుంది కదా? ఒడెస్సాలో ఏదో దళం అని ఎక్కడో చదివా.

పాతపటాలు:
అవును. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా సైన్యంలో బలవంతంగా చేరి రష్యాకి ఖైదీలుగా చిక్కిన సెర్బులు, ఇతర స్లావులతో 1916లో ఒడెస్సాలో వలంటీర్ డివిజన్ కట్టారు. దొబ్రూజాలో పోరాడింది, బాగా నష్టపోయింది. ఒకప్పుడు ఆస్ట్రియా తరఫున టర్కీ మీదికి వెళ్లినవాళ్ల మనవల మనవలు ఈసారి ఆస్ట్రియా యూనిఫాం విప్పి దాని శత్రువు వైపు నిలబడ్డారు. 1917 ఫిబ్రవరిలో తొప్లీత్సా తిరుగుబాటు కూడా ఉంది. బల్గేరియా ఆక్రమణ సైన్యం సెర్బు యువకుల్ని తన సైన్యంలోకి లాక్కోబోతే లేచింది, సుమారు నెల రోజుల్లో అణిచేశారు. దానికి వేరే చర్చ కావాలి.

సందేహాలరావు:
అందరికీ థాంక్స్. ఇవాళ లంచ్‌లో మా వాడికి మొత్తం చెప్పా. ఫ్రైకోర్ అనగానే చెంచా కింద పెట్టేశాడు. షానాత్స్ అన్నాను, రాయా, రైతు ఒకటే అన్నాను. వాడు నోరు తెరుచుకుని విన్నాడు. ఆఖర్లో ఒకటడిగాడు: ఒరాషాత్స్ సమావేశం ఫిబ్రవరి 14నా, 15నా? నేను 14 అన్నా. వాడు 15 అన్నాడు. భోజనం అక్కడే ఆగిపోయింది.

దాన్యూబ్_దారి:
ఇద్దరూ రైటే. పాత క్యాలెండర్‌లో ఫిబ్రవరి 2, స్రేతెన్యె పండగ. ఆ శతాబ్దంలో తేడా 12 రోజులు కాబట్టి అసలు రోజు 14. ఇప్పుడు తేడా 13, పండగ 15న వస్తుంది, అందుకని దేశ దినోత్సవం కూడా 15నే చేస్తారు. సెలవు మాత్రం 15, 16 రెండు రోజులు.

ఉత్తరాంధ్ర_చిన్నోడు:
రెండు రోజులా! అక్కా, మీ ఆఫీసులో ఖాళీలు ఉన్నాయా?